మూడు ఇళ్ల మీదుగా జార్జ్ బెస్ట్: డాక్యుమెంటరీ పని డైరీ

మే మొదటి వారం

మా ఫిల్మ్ సొసైటీ డిసెంబరులో జరపదలచిన క్రీడాచిత్రాల వారం కోసం నలభై నిమిషాల తెలుగు డాక్యుమెంటరీ ఒకటి సొంతంగా తయారు చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. రచన, కూర్పు బాధ్యతలు నాకు అప్పగించారు. విషయం ఎంపిక కూడా నాకే వదిలేశారు కనుక, ఎంతోకాలంగా మనసులో ఉన్న ఉత్తర ఐర్లండ్ ఆటగాడు జార్జ్ బెస్ట్ పేరు ప్రతిపాదించాను. పేరు వచ్చిన కొద్దీ మనిషికీ ఇంటికీ మధ్య ఏం జరుగుతుందో అంత స్పష్టంగా చూపే జీవితం ఫుట్‌బాల్ చరిత్రలో నాకు మరొకటి కనిపించలేదు.

అయితే మన ప్రేక్షకులలో చాలామందికి ఇతని పేరు తెలియదు. మనకు ఫుట్‌బాల్ అంటే ప్రపంచ కప్పే. పెలే అయినా మారడోనా అయినా ఆ దారినే మన ఇళ్లలోకి వచ్చారు. బెస్ట్ ఆ దారిలో ఎక్కడా తగలడు. 1958లో ఉత్తర ఐర్లండ్ ప్రపంచ కప్పుకు వెళ్లినప్పుడు అతనికి పన్నెండేళ్లు. మళ్లీ 1982లో వెళ్లేసరికి ముప్పై ఆరేళ్లు, జట్టులో చోటు దొరకలేదు. ఆ 1982 జట్టులోనే, అదే బెల్‌ఫాస్ట్ నుంచి, అదే మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు నుంచి వచ్చిన పదిహేడేళ్ల నార్మన్ వైట్‌సైడ్ ప్రపంచ కప్పులో ఆడిన అతి పిన్న వయస్కుడిగా పెలే రికార్డును దాటాడు. బెస్ట్ మాత్రం దేశం తరఫున 37 మ్యాచ్‌లు ఆడి 9 గోల్స్ చేసి, ప్రపంచ కప్పు మైదానం మీద కాలు పెట్టకుండానే ఆట ముగించాడు. చిత్రం మొదటి రెండు నిమిషాలలో ఈ సంగతి చెప్పేస్తే, 'ఇంత గొప్పవాడైతే మాకెందుకు తెలియదు' అన్న ప్రశ్న తర్వాత అడ్డురాదు.

మే నెలాఖరు

దృశ్యాల వేట మొదలుపెట్టాను. పాత మ్యాచ్‌ల చిత్రాలు ప్రసార సంస్థల భాండాగారాలలో భద్రంగానే ఉన్నాయి కానీ, వాటి రుసుము మా వంటి సంఘాలు మోయగలిగేది కాదు. కోట్ చేసిన ధర చూసి మా కోశాధికారిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. కదిలే దృశ్యాలకు బదులు నిశ్చల చిత్రాలు కొన్ని కొనుక్కోవడం, గోల్స్‌ను మా చిత్రకారిణి చేత మైదానం పటం మీద గీతలుగా గీయించడం, మిగిలినదంతా ఇప్పటి ప్రదేశాల చిత్రీకరణతో నింపడం అన్న మూడు పద్ధతులు నిర్ణయించుకున్నాం.

ఈ జాబితా తయారు చేస్తుండగానే అసలు సమస్య బయటపడింది. బెస్ట్ కీర్తికి సంబంధించిన బొమ్మలు కొల్లలు: గోల్ చేస్తున్నవి, సొంత బట్టల దుకాణం ముందు నిలబడినవి, కారు పక్కన నవ్వుతున్నవి. అతని ఇంటికి సంబంధించినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉన్నవాటిలో కూడా అమ్మానాన్నలు పత్రిక ఫొటోగ్రాఫర్ కోసం సోఫా మీద సర్దుకుని కూర్చున్నవే ఎక్కువ. మద్యంతో తల్లి పడిన అవస్థకు బొమ్మ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. దొరికిన దృశ్యాల వెంట పోతే మరొక కీర్తిగాథ తయారవుతుంది. ఇలాంటి ఆటగాళ్ల మీద వచ్చిన చిత్రాలలో చాలావరకు కుటుంబం ఆఖరి పావుగంటలో మాత్రమే ప్రత్యక్షం కావడానికి కారణం దర్శకుల నిర్దయ కాదని, వాళ్ల దగ్గర ఉన్న ఫుటేజీ అటువంటిదని నాకు అనిపిస్తోంది.

1970 సెప్టెంబరు 12న జర్మన్ దర్శకుడు హెల్ముట్ కోస్టార్డ్ మాంచెస్టర్ యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కొన్ని 16 ఎం.ఎం. కెమెరాలు పెట్టి, కొవెంట్రీ సిటీతో జరిగిన మ్యాచ్ ఆసాంతం బెస్ట్ ఒక్కడినే చిత్రీకరించాడు. బంతి ఎక్కడున్నా కెమెరా అతని మీదే ఉంటుంది. ఆడుతున్న మనిషి ఎంతసేపు ఊరకే నిలబడతాడో, ఎంతసేపు ఒంటరిగా నడుస్తాడో అందులో తెలుస్తుంది. ఆ పట్టుదలనే తిరగేసి మైదానానికి బదులు ఇళ్ల మీద కెమెరా నిలిపితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది.

జూన్

నిర్మాణం కుదిరింది. చిత్రం మూడు చిరునామాల మీద నడుస్తుంది. మొదటిది బెల్‌ఫాస్ట్ తూర్పు భాగంలో క్రేగా కాలనీలోని బరెన్ వే ఇల్లు. రెండవది మాంచెస్టర్‌లో చోర్ల్టన్ ప్రాంతాన ఫుల్‌అవే అనే ఇంటావిడ దగ్గర అద్దెకున్న గది. మూడవది 1970 ప్రాంతంలో బ్రామ్‌హాల్‌లో అతను కట్టించుకున్న, గోడలకు బదులు గాజు పలకలే ఎక్కువగా ఉన్న ఇల్లు. కాలక్రమం కూడా ఇంచుమించు ఇదే కనుక ప్రేక్షకుడు తికమకపడడు.

మొదటి భాగం రాయడం సాఫీగా సాగింది. తండ్రి డికీ బెస్ట్ హార్లండ్ అండ్ వుల్ఫ్ నౌకా నిర్మాణశాలలో లేత్ కార్మికుడు. తల్లి ఆన్ వయసులో ఉండగా చురుకైన హాకీ క్రీడాకారిణి. ఆరుగురు సంతానంలో జార్జ్ పెద్దవాడు. చదువులో మెరుగ్గా ఉండి ఎంపిక పరీక్ష గట్టెక్కి గ్రోవెనర్ హైస్కూలులో చేరితే, అక్కడ రగ్బీయే తప్ప ఫుట్‌బాల్ లేకపోయింది. బడి ఎగ్గొట్టడం మొదలై, చివరికి ఇంటి దగ్గరి మరో పాఠశాలకు మారాడు. ప్రతిభాన్వేషి బాబ్ బిషప్ మాంచెస్టర్ యునైటెడ్ మేనేజరు మాట్ బస్బీకి బెస్ట్ గురించి కొట్టిన తంతితో కథ మొదలుపెట్టడం అందరూ చేసేదే కనుక, దానిని నేను పూర్తిగా వదిలేశాను. తంతి కన్నా దాని తర్వాత జరిగిన సంగతి నా చిత్రానికి ముఖ్యం.

1961 వేసవిలో పదిహేనేళ్ల బెస్ట్, ఎరిక్ మెక్‌మోర్డీ అనే మరో కుర్రవాడు పడవెక్కి ఇంగ్లండ్ చేరారు. ఓల్డ్ ట్రాఫర్డ్‌కు పోనిమ్మంటే టాక్సీ డ్రైవరుకు అదే పేరున్న క్రికెట్ మైదానం గుర్తుకొచ్చిందని బెస్టే తర్వాత చెప్పుకున్నాడు. మర్నాడే ఇద్దరూ బెంగపెట్టుకుని ఇంటికి తిరిగి వెళ్లిపోయారు. నాన్న నచ్చజెప్పగా బెస్ట్ మళ్లీ వెళ్లాడు. ఉత్తర ఐర్లండ్ కుర్రాళ్లను శిక్షణార్థులుగా జీతానికి తీసుకునేందుకు అప్పటి నిబంధనలు ఒప్పుకోలేదు. అందువల్ల పగలు మాంచెస్టర్ నౌకా కాలువ సంస్థలో చిన్న గుమాస్తా పని, మిగిలిన వేళల్లో ఆట. పదిహేడో పుట్టినరోజుకు, అంటే 1963 మేలో, వృత్తి ఆటగాడయ్యాడు. ఆ సెప్టెంబరు 14న వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ మీద తొలి మ్యాచ్ ఆడాడు. డిసెంబరులో పండుగకు బెల్‌ఫాస్ట్‌లోని ఇంట్లో ఉండగా, బర్న్‌లీ చేతిలో 6-1తో ఓడిన క్లబ్బు తంతి పంపి పిలిపించింది. 28న అదే బర్న్‌లీ మీద 5-1తో గెలిచారు. అందులో ఒక గోల్ అతనిది. అక్కడి నుంచి జట్టులో అతని స్థానం ఖాయమైంది. పండుగకు ఇంట్లో ఉండడం అన్నది అరుదైపోయింది.

జీతాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఆటగాళ్లకు వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వరాదన్న పరిమితి 1961 జనవరిలో రద్దయింది. బెస్ట్ ఆ ఏడే వచ్చాడు. అంతకుముందు తరం ఆటగాళ్లు, ఆట చూసేందుకు వచ్చే జనం ఎక్కిన బస్సులోనే మైదానానికి వెళ్లేవారు. ఇతని తరానికి డబ్బు, టెలివిజన్, పాప్ సంగీతం ఒకేసారి వచ్చిపడ్డాయి. దానిని ఎలా మోయాలో చెప్పగల అనుభవం బస్బీకి గానీ డికీకి గానీ లేదు, ఎందుకంటే అటువంటిది అంతకుముందు ఎవరికీ జరగలేదు. ఈ వాక్యం నెరేషన్‌లో యథాతథంగా ఉంచాను.

జూన్ చివర

మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా పాత సభ్యుడు, కెమెరా పని తెలిసినవాడు, సెలవు పెట్టుకుని బెల్‌ఫాస్ట్ వెళ్లి వచ్చాడు. బరెన్ వే ఇల్లు ఇప్పుడు సందర్శకులు అద్దెకు తీసుకుని ఉండేలా ఏర్పాటైంది. డికీ 2008లో చనిపోయేవరకు అందులోనే ఉన్నాడు. కొడుకు ఐరోపా అంతటా పేరు మోసినా తండ్రి ఆ కాలనీ ఇల్లు వదలలేదన్నది మాటలలో చెప్పనక్కరలేదు, ఇంటి ముఖం చూస్తే తెలిసిపోతుంది.

వీడియో కాల్‌లో అతను, "అన్నా, ఇక్కడ తీయడానికి ఏమీ లేదు. ఒక గేటు, ఒక కిటికీ, చిన్న దొడ్డి, అంతే" అన్నాడు. అంతే తీయమన్నాను. కెమెరా కదపకుండా, ఒక్కో చోట కనీసం రెండు నిమిషాలు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయాలని, దారినపోయేవారి ముఖాలు పడకూడదని చెప్పాను. అతను పంపిన వాటిలో వంటగది కిటికీ షాట్ అన్నింటికన్నా పనికొచ్చింది. ఎండ తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, బయట ఎక్కడో బంతి గోడకు తగులుతున్న చప్పుడు సహజంగా రికార్డయింది. ఆ చప్పుడును పెంచమని మా సౌండ్ కుర్రవాడు పట్టుబట్టాడు. పెంచితే ఏర్పాటు చేసిన చప్పుడులా వినిపిస్తుంది కనుక ఉన్నది ఉన్నట్టే ఉంచాం.

జూలై

ఈ నెలంతా తల్లి భాగం మీదే గడిచింది. నలభై దాటేవరకు మద్యం ముట్టని ఆన్ ఆ తర్వాత తాగుడుకు లోబడి, 1978 అక్టోబరులో, యాభయ్యో పడిలోనే మరణించారు. అప్పటికి కొడుకు యునైటెడ్ వదిలి నాలుగేళ్లయింది. అమెరికా జట్లకు ఆడుతున్నాడు. తానూ అదే వ్యసనంలో ఉన్నాడు. కొడుకు కీర్తి తల్లిని తాగుడులోకి నెట్టిందని కొందరు తేల్చేస్తారు. రక్తంలోనే ఉందని మరికొందరు. రెండింటినీ నేను నెరేషన్‌లోకి రానివ్వలేదు. మనకు తెలిసినవి కొన్ని తేదీలు, ఒక ఇంటిపేరు, ఆ పేరు వల్ల వీధిలో ఆమెకు దక్కకుండా పోయిన మరుగు.

వంటగది కిటికీ షాట్ మీద నిమిషం నలభై సెకన్లు ఉండి, అయిదు వాక్యాలు మాత్రమే చెప్పాలని నిర్ణయించాను. ఇదీ పాఠం: "ఆన్ బెస్ట్ ఈ ఇంట్లో ఆరుగురు పిల్లలను పెంచారు. పెద్ద కొడుకు పేరు పత్రికలకెక్కాక ఆమె దుకాణానికి వెళ్లినా, బస్సెక్కినా అతని సంగతులే అడిగేవారు. అతని ఆట బాగుండని వారం ఆ మాటలూ ఆమే పడేవారు. నలభై దాటాక మద్యం మొదలైంది. 1978లో ఆమె పోయారు, కొడుకు అప్పటికి సముద్రం అవతల ఉన్నాడు." నెరేషన్ చెబుతున్నవారు ఆకాశవాణిలో పనిచేసి విరమించిన పెద్దాయన. రెండవ వాక్యం చదివి ఆగి, "బాబూ, ఇది వార్తలా చదవనా, కథలా చదవనా?" అని అడిగారు. వార్తలా చదవండి సార్ అన్నాను. ఆయన చదివిన తీరుకు స్టూడియోలో ఎవరూ మాట్లాడలేదు, మరో టేక్ అడగాలనీ అనిపించలేదు.

తెలుగు నెరేషన్‌తో ఎప్పుడూ ఉండే చిక్కు ఇక్కడా ఉంది. మన క్రియ వాక్యం చివర వస్తుంది. దృశ్యం కట్ అయ్యే చోటుకు ముందే క్రియ పడకపోతే, కొత్త బొమ్మ మీద పాత మాట వేలాడుతుంది. అందుకని మ్యాచ్ భాగాలలో వాక్యాలు పొట్టిగా, ఇళ్ల భాగాలలో పొడుగ్గా రాసుకుంటున్నాను. ఇళ్ల షాట్లు నిలకడగా ఉంటాయి కాబట్టి పొడుగు వాక్యం వాటి మీద హాయిగా ముగుస్తుంది.

జూలై చివర

లిస్బన్ భాగం కూర్పు పూర్తయింది. 1966 మార్చి 9, ఐరోపా క్లబ్బుల పోటీ అయిన యూరోపియన్ కప్ క్వార్టర్ ఫైనల్ రెండవ మ్యాచ్. ప్రత్యర్థి, ఆ పోటీలో సొంత మైదానం మీద అంతవరకు ఓటమి ఎరగని లిస్బన్ క్లబ్బు బెన్‌ఫికా. ఆటకు ముందు ఆ జట్టు ఆటగాడు యూసేబియోకు ఐరోపా ఉత్తమ ఆటగాడి పురస్కారం అక్కడే అందజేశారు. మొదటి ఇరవై నిమిషాలు కాచుకుని ఆడమని బస్బీ చెప్పి పంపితే, పందొమ్మిదేళ్ల బెస్ట్ పన్నెండు నిమిషాలలో రెండు గోల్స్ కొట్టాడు. ఒకటి టోనీ డన్ ఫ్రీకిక్‌కు తల తగిలించి, రెండవది డేవిడ్ హెర్డ్ తలతో దించిన బంతిని అందుకుని రక్షకుల మధ్యగా దూసుకుపోయి. యునైటెడ్ 5-1తో గెలిచింది. చిత్రకారిణి రెండవ గోల్‌ను ఎరుపు గీతతో గీసింది; గీత రక్షకులను దాటే చోట వేగం పెంచి, షాట్‌కు ముందు అరక్షణం ఆపింది. ఆ అరక్షణం వల్ల కదిలే దృశ్యం లేని లోటు చాలావరకు తీరింది.

తిరుగు ప్రయాణంలో అతను పెద్ద అంచుల సాంబ్రెరో టోపీ పెట్టుకుని విమానం దిగాడు. ఆ ఫొటో పత్రికల మొదటి పేజీలకెక్కింది, బీటిల్స్ పాప్ సంగీత బృందానికి అయిదవ సభ్యుడన్న పేరు స్థిరపడింది. మా చిత్రంలో కీర్తి మొదలయ్యేది గోల్ దగ్గర కాదు, ఈ టోపీ దగ్గర. ఆ మధ్యాహ్నం నుంచి ఫుట్‌బాల్ చూడనివాళ్లకు కూడా అతని ముఖం తెలుసు. 1968 మే 29న వెంబ్లీలో అదే బెన్‌ఫికాను అదనపు సమయంలో 4-1తో ఓడించి యూరోపియన్ కప్ గెలిచినప్పుడు, ఆ ఏడాదే ఐరోపా ఉత్తమ ఆటగాడైనప్పుడు అతనికి 22 ఏళ్లు. ఈ శిఖరాన్ని నేను నలభై సెకన్లలో దాటేశాను. దీని మీద అభ్యంతరం వస్తుందని తెలుసు.

ఆగస్టు

గాజు ఇంటి భాగం. లోపల దిగుడు స్నానపు తొట్టి, మీట నొక్కితే కదిలే తెరలు, అప్పటికి వింతగా తోచిన సౌకర్యాలెన్నో. ఆ ఇంటిని చూడడానికి జనం కార్లలో, బస్సులలో వచ్చి పచ్చిక మీద నిలబడి లోపలికి తొంగి చూసేవారు. 1972 జనవరిలో వారం పాటు శిక్షణకు రాని బెస్ట్‌కు మేనేజరు ఫ్రాంక్ ఓఫారెల్ జరిమానా వేసి, ఆ ఇల్లు విడిచి తిరిగి ఫుల్‌అవే ఇంటి గదికి వెళ్లి ఉండమని ఆదేశించాడు. పాతికేళ్ల మనిషిని, సొంత ఇల్లున్నవాడిని, పదిహేనేళ్ల వయసులో ఉన్న గదికి తిరిగి పంపడం నాకు ఈ కథలో అన్నింటికన్నా వింతైన సంగతి. క్లబ్బుకు తోచిన వైద్యం అదొక్కటే. ఆ మే నెలలో అతను స్పెయిన్ నుంచి ఆట మానేస్తున్నానని ప్రకటించాడు, తిరిగి వచ్చాడు, మళ్లీ దూరమయ్యాడు. 1974 జనవరి 1న క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 3-0 ఓటమి యునైటెడ్‌కు అతని చివరి మ్యాచ్. 470 మ్యాచ్‌లు, 179 గోల్స్, ఇంకా 28 నిండలేదు.

ఈ ఏళ్లలోనే రాజకీయ, మత ఘర్షణలతో బెల్‌ఫాస్ట్ మంటల్లో ఉంది. 1971 అక్టోబరులో న్యూకాసిల్‌లో ఆడితే చంపుతామన్న బెదిరింపు వచ్చింది. పోలీసుల కాపలాలో ఆడి, ఆ మ్యాచ్‌లో ఏకైక గోల్ అతనే చేశాడు. కుటుంబం మాత్రం ఆ అల్లర్ల నగరంలోనే ఉంది. గాజు ఇంటి షాట్ నుంచి బరెన్ వే గేటు షాట్‌కు నేరుగా కట్ చేశాను. కరిగే డిజాల్వ్ వేయమని సూచన వచ్చింది, వేయలేదు.

సెప్టెంబరు

రఫ్ కట్‌ను, అంటే తొలి కూర్పును, కార్యవర్గానికి చూపించాం. మొదట లేచిన గొంతు మా సొసైటీలో అందరికన్నా చిన్నవాడిది. "సార్, అంతా బాగుంది కానీ ఆట ఏది? వాడు ఎందుకు గొప్పవాడో నాకు ఇంకా తెలియలేదు" అన్నాడు. న్యాయమైన మాట. ఆట ఆనందం కనబడకపోతే, ఇల్లు కోల్పోయినందుకు బదులుగా అతనికి దక్కిందేమిటో ప్రేక్షకుడికి అర్థం కాదు. అందుకని నార్తాంప్టన్ జట్టుతో ఆడిన మ్యాచ్‌ను చేర్చాను. రెఫరీ చేతిలోని బంతిని పడగొట్టినందుకు నాలుగు వారాల నిషేధం ముగించుకుని వచ్చి, 1970 ఫిబ్రవరి 7న, బురద మైదానం మీద, ఇంగ్లండ్ దేశవాళీ ఎఫ్.ఎ. కప్ పోటీలో ఒక్కడే ఆరు గోల్స్ చేశాడు. యునైటెడ్ 8-2తో గెలిచింది. ఆరు గీతలనూ ఒకే పటం మీద ఒకదాని తర్వాత ఒకటి గీయించి, నెరేషన్ లేకుండా డప్పు ఒక్కటే వినిపించాం. సంగీతం మా ఊరి డప్పు కళాకారుడిది. బెల్‌ఫాస్ట్ కథకు తెలంగాణ డప్పు ఏమిటని ఒకరు అడిగారు గానీ, ఆరవ గీత పడేసరికి ఆయన పాదమూ తాళం వేస్తోంది.

ఆసుపత్రి ఫొటో విషయంలో చర్చ ఎక్కువసేపు నడిచింది. 2002లో కాలేయ మార్పిడి తర్వాత కూడా మద్యం వదలలేకపోయిన బెస్ట్, 2005 నవంబరులో లండన్ ఆసుపత్రిలో మరణశయ్య మీద ఉండగా, తనలా మరెవరూ కావద్దన్న హెచ్చరికతో తన ఫొటోను ప్రచురించమని కోరాడు. నవంబరు 25న, 59 ఏళ్లకు కన్నుమూశాడు. అతను స్వయంగా కోరినది కాబట్టి వాడడంలో తప్పులేదని కొందరు వాదించారు. అతను కోరింది అప్పటి పాఠకుల కోసం; మన తెర మీద అది నాలుగు నిలువుల ఎత్తున కనిపిస్తుంది. పైగా మా పద్ధతి ప్రకారం తల్లి భాగంలో లేనిది కొడుకు భాగంలోనూ ఉండకూడదు. ఫొటో సంగతి నెరేషన్‌లో చెప్పి, తెర మీద బెల్‌ఫాస్ట్‌లోని రోజ్‌లాన్ సమాధుల తోట షాట్ వేశాను. అతన్ని అక్కడ తల్లి పక్కనే ఖననం చేశారు. డిసెంబరు 3న ఉత్తర ఐర్లండ్ శాసనసభా భవనమైన స్టోర్మంట్‌లో జరిగిన అంత్యక్రియలకు దారి పొడవునా సుమారు లక్షమంది వానలో నిలబడ్డారని ఒక్క వాక్యంలో ముగించాను.

అక్టోబరు

శబ్దమిశ్రమం జరుగుతోంది. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు మాంచెస్టర్ మిత్రుడు రాస్తున్నాడు. టీవీ నుంచి వచ్చిన నిశ్చల ఫ్రేములకు పాత ఇంచుమించు చతురస్రపు ఆకారమే ఉంచాం, తెర నిండేలా సాగదీయలేదు. ముగ్గురు పెద్దలకు పక్కల నల్లని ఖాళీ నచ్చలేదు, అయినా అలాగే ఉంటుంది.

ఇక మిగిలింది పోస్టరు. సాంబ్రెరో టోపీ ఫొటో వేస్తే హాలు నిండుతుందని కార్యవర్గంలో ఎక్కువమంది అభిప్రాయం. బరెన్ వే ఇంటి ముఖం వేయాలని నేను పట్టుబట్టాను. చర్చ ఎటూ తేలకముందే, చిత్రంలో వాడుకునేందుకు కొన్న ఫొటోను పోస్టరు మీద వేయాలంటే విడిగా రుసుము కట్టాలన్న ఉత్తరం వచ్చింది. కోశాధికారిగారు ఇంటి బొమ్మకు ఓటు వేశారు.